బొమ్మిడికి వెళ్ళని జత

నేను గంపలో కోడిని పెట్టుకుని బస్సెక్కితే పక్కసీటులో కూర్చున్నవాళ్ళకు కూడా తెలిసేది కాదు. గొప్ప చెప్పుకోవడం కాదు, అక్షరాలా నిజం. గంప అడుగున వరిగడ్డి, దాని మీద మెత్తటి గుడ్డపేలికతో కాళ్ళు కట్టిన కోడి, పైన తడిపి పిండిన పాతచీర ముక్క. చల్లగా, చీకటిగా ఉంటే కోడి కిక్కురుమనదు. కండక్టరు ఏముందని అడిగితే తమలపాకులు అనేదాన్ని. పెరియంపట్టిలో మా అత్త ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి ఈ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని చుట్టాలందరిలో పేరు. ఇప్పుడు ఆ పేరు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ పనిని తమిళనాట మా తెలుగిళ్ళలో జత దాచడం అంటారు. ఊళ్ళో కోళ్ళకు సీక్కు తగిలిందని తెలియగానే (రోగాన్ని మేం సీక్కు అనే అంటాం, మా మాటల్లో సగం తమిళం కదా) ఇంట్లో ఉన్నవాటిలో మేలైన పెట్టనొకదాన్ని, పుంజునొకదాన్ని ఏరి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాలింటికి చేరవేసేస్తాం. ఇక్కడ అన్నీ పోయినా అక్కడ విత్తనం మిగులుతుందని ఆశ. తెచ్చిన జతను కాదనడానికి ఆ చుట్టాలకు వీల్లేదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, గంప దించుకుని, నాలుగు రాగిగింజలు చల్లి తమ కోళ్ళలో కలుపుకోవాల్సిందే. ఎవరైనా కాదన్నారో, ఇక పెళ్ళికి పోయినా చావుకు పోయినా ఆ మాటే ఎత్తి పొడుస్తారు.

మా అత్త కోళ్ళు ఆమె పుట్టింటి నుంచి వచ్చిన కోళ్ళ సంతతి. చిన్న ఒళ్ళు, పొడుగు కాళ్ళు, పొదగడానికి కూర్చుంటే పిడుగు పడ్డా లేవని మొండితనం. ఆ మూడో గుణం అత్త దగ్గర నుంచే వచ్చిందని నా అనుమానం. కోళ్ళను ఎవరైనా ఒక్కమాట తక్కువ చేస్తే ఆమె కొట్లాటకు దిగేది. నన్ను తక్కువ చేస్తే మాత్రం ఊ కొట్టేది.

కూతురి పెళ్ళప్పుడు సారెతో పాటు ఒక జతను కూడా బొమ్మిడికి పంపింది. ఆ కూతురు, అంటే నా ఆడబిడ్డ, ఆ జతను అరవై కోళ్ళ మంద చేసింది. మొదట్లో అది సరదా. కట్టడం పనికి పోయిన ఆమె మొగుడు పరంజా మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక, ఆ మందే వాళ్ళకు కూడు. గుడ్లు, పిల్లలు, పండగలకు పుంజులు అమ్మి ఇద్దరు ఆడపిల్లలను చదివిస్తోంది. నన్ను సొంత అక్కలా చూసుకునే మనిషి.

ఆ ఏడు మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, మంచు తెగ పడింది. మా చెరువు నిండా నీళ్ళు, నీళ్ళ నిండా ఎక్కడి నుంచో వచ్చిన అడవి బాతులు. చెరువు కింద కోతలైపోయిన మళ్ళలో మా కోళ్ళు గింజలేరుకునేవి, అవే మళ్ళలోకి బాతులూ దిగేవి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఒకరోజు రేషన్ అంగడి గోడకు తమిళంలో నోటీసు అంటించారు, పరవై కాయ్చల్ అని. పక్షుల జ్వరం అన్నమాట. కోళ్ళు ఉన్నట్టుండి చస్తే వెంటనే చెప్పండి, చచ్చినవాటిని ముట్టుకోవద్దు, కోళ్ళను ఊరు దాటించొద్దు అని రాసి ఉంది. ఇంటికొచ్చి అత్తకు చదివిన మాట చెప్పాను.

"కోడికి కాయ్చలా? చంకలో థర్మామీటరు పెట్టి చూసినారంటనా?" అని నవ్వింది.

నేనూ నవ్వాను. అబద్ధమెందుకు.

వారం తిరక్కుండా ఒక పొద్దున కోళ్ళగూడు తలుపు తీస్తే రెండు పెట్టలు బిగుసుకుని ఉన్నాయి. ముందురోజు సాయంత్రం గింజల కోసం ఒకదాన్నొకటి పొడుచుకున్న కోళ్ళవి. మామూలు సీక్కు అయితే తెల్లగా పారుకుంటూ, మెడ వాల్చుకుంటూ నాలుగు రోజులైనా ఈడుస్తాయి. ఇవి ఒక్క పూట కూడా ఆగలేదు. మూడోది గోడ పక్కన ముడుచుకుని ఉంది, మొహం ఉబ్బి, కాళ్ళ మీద ఎర్రగా రక్తం కమిలిన మచ్చలతో. అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని నోట్లో నీళ్ళు పోసింది. కళ్ళనీళ్ళు కారుతున్నాయి ఆమెకు. అంతలోనే కొంగుతో తుడుచుకుని లేచింది.

"ఏమ్మే, ఇంకా ఏం చూస్తాండావు? ఆ నల్లపెట్టనీ ఎర్రపుంజునీ పట్టు. బొమ్మిడికి పోయి అమ్మణ్ణి కాడ దాపెట్టేసి రా."

"నోటీసులో ఊరు దాటించొద్దని రాసుండారు అత్తా."

"రాసినోళ్ళొచ్చి నా కోళ్ళను బతికిస్తారా? నీ సదువు నీ కాడే పెట్టుకో."

నోటీసు చదివింది నేను. ఊళ్ళో సగం మందికి తెలియని సంగతి తెలిసింది నాకు. అయినా గంప దించి, గడ్డి పరిచి, చీరముక్క తడిపాను. అత్త ఏడుపు చూసి చేశానని సర్దుకోవచ్చు. కానీ నా పనితనం మీద నాకున్న పొగరు కూడా ఉంది అందులో. ఎన్ని జతలు దాచలేదు నేను, ఇదొక లెక్కా అనుకున్నాను.

ధర్మపురి బస్టాండులో దిగి బొమ్మిడి బస్సు దగ్గరికి నడుస్తుండగా మా ఆయన ఫోన్ చేశాడు. ఇంకో నాలుగు పోయాయట. పక్కింటివాళ్ళవి ఏడు. చెరువు గట్టున కాకులు కూడా చచ్చి పడున్నాయట. "నువ్వు యాడుండావు?" అన్నాడు. చెప్పాను. "సరి, చూసి పో" అని పెట్టేశాడు. ఏం చూడాలో, ఎటు పోవాలో చెప్పడు మహానుభావుడు, ఎప్పుడూ అంతే.

గంప కింద పెట్టి చీరముక్క తొలగించాను. పెట్ట తల ఎత్తలేదు. పొద్దున ఎర్రగా ఉన్న దాని తురాయి నేరేడుపండు రంగుకు తిరిగింది. పుంజు మాత్రం మెడ సాచి నన్ను చురుగ్గా చూసింది, దానికేం లేదు. పెట్టను ఇక్కడే ఎక్కడైనా వదిలేసి పుంజునొక్కదాన్ని పట్టుకుపోతే? బుర్రలో మొదట వచ్చిన ఆలోచన ఇదే. ఛీ, ఎంత చెడ్డ బుద్ధో!

అప్పుడే ఆడబిడ్డ ఫోన్. "వదినా, ఎక్కినావా? నేను బొమ్మిడి స్టాపింగులో నిల్చోనుండా. నీకని ఉలవచారు చేసి పెట్టినా, వేడి ఆరిపోతాది, బిరీన రా."

ఆ గొంతు వినగానే నాకు పాత ప్రయాణాలన్నీ కళ్ళముందు తిరిగాయి. ఒకసారి కారిమంగలం దగ్గర చిన్నత్త ఇంట్లో జత దాచాను. నాలుగు రోజులకు వాళ్ళ వీధి మొత్తం కోళ్ళు పోయాయి. ఇంకోసారి అదియమాన్‌కోట్టైలో మా పిన్ని ఇంట్లో. వారానికి అక్కడా అదే. సీక్కు గాలిలో వస్తుందని, గాలిని ఎవరాపుతారని అందరం అనుకునేవాళ్ళం. పిన్ని నన్నే ఓదార్చింది కూడా, నీ జతకు కూడా దిష్టి తగిలిందే పాపం అని. గాలి కాదు. నేను. నా గంప, నా తడిచీర, నా పనితనం.

గంప పక్కనే చతికిలపడ్డాను.

"అమ్మణ్ణీ, నేను రాల్యా" అన్నాను. "కోళ్ళూ తేవడం ల్యా. నువ్వు ఇంటికి పో. మన ఊరి నుంచి ఎవురొచ్చినా సరే, వీధిలోనే మాట్లాడి పంపేయి. కోళ్ళ పక్కకు పోనియ్యొద్దు."

"అయ్యో, ఏమాయ వదినా? అమ్మ జతకోసం ఏమనుకుంటాది?"

"మీ యమ్మ విత్తనం నీ కాడ అరవై ఉండాది గదా. వాటిని చంపేదానికి నేను ఈ రెండిట్నీ మోసుకొస్తాండా."

ఆ మాట అన్నాకే నాకూ పూర్తిగా అర్థమైంది. బొమ్మిడి బస్సు కండక్టరు చివరిసారి కేకేసి విజిలేశాడు. బస్సు పోయింది.

అక్కడి నుంచి నేరుగా పశువుల ఆసుపత్రికి నడిచాను, గంప నెత్తిన పెట్టుకుని. మంచి పని చేస్తున్నాననే ధీమాతో గుమ్మం ఎక్కబోతే లోపల నుంచి ఒక డాక్టరమ్మ, నా కూతురి వయసుంటుంది, "ఉళ్ళే వరాదీంగ!" అని పెట్టిన కేకకు నేను రెండు మెట్లు వెనక్కి దిగాను. లోపలికి రావద్దట. వేపచెట్టు కింద కూర్చోమంది, కదలొద్దంది, మొహం తుడుచుకోవద్దంది, కొంగు ముట్టుకోవద్దంది. ముక్కు దురద పెట్టింది, దాన్నీ గోక్కోవద్దంది. మా అత్తను మించినది దొరికిందిరా దేవుడా అనుకున్నాను.

కాసేపటికి ఒళ్ళంతా కప్పుకుని, చేతులకు తొడుగులేసుకుని వచ్చింది. పెట్ట నోట్లోంచి, వెనక నుంచి దూదిపుల్లలతో తడి తీసి గొట్టాల్లో పెట్టింది. పుంజుకూ అంతే. "దానికేం లేదమ్మా, చలాకీగా ఉంది" అన్నాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. పైకి ఏమీ కనిపించకముందే రెట్టలో, ముక్కునీళ్ళలో వైరస్ పోతూనే ఉంటుందట. అసలు రోగమొచ్చి పడుకున్న కోడి కంటే ఇలా చలాకీగా ఉన్నదే ఎక్కువ దూరం మోసుకుపోతుందట. నావంటివాళ్ళు తోడుంటే ఇంకా దూరం. ఆ చివరిమాట ఆమె అనలేదు, నేనే కలుపుకున్నాను.

గంపను కోళ్ళతో సహా అక్కడే ఉంచేసుకుని, గొట్టాలు మంచుపెట్టెలో పెట్టి, ఎవరెవరికో ఫోన్లు చేసి, నేనొచ్చిన బస్సు ఏదో కనుక్కుని దాన్ని కడగమని చెప్పి, అప్పుడు నాకు దూరంగా నిలబడి వివరంగా చెప్పింది. అడవి బాతుల పేగుల్లో ఈ వైరస్ మామూలుగానే ఉంటుంది, చాలా బాతులకు దానివల్ల జబ్బేమీ చేయదు. వాటి రెట్ట చెరువులో పడుతుంది. చల్లటి నీళ్ళలో అది రోజుల తరబడి చావదు. కోడి ఆ నీళ్ళు తాగినా, ఆ మడిలో గింజ ఏరినా ముక్కు నుంచో నోటి నుంచో లోపలికి పోతుంది. తేలిక రకమైతే గొంతులో, పేగులో మాత్రమే పెరగగలదు, కోడి నాలుగు గుడ్లు తక్కువ పెట్టి తేరుకుంటుంది. చెడ్డ రకం అలా ఒకచోట ఆగదు. గుండె, మెదడు, రక్తనాళాలు, ఎక్కడపడితే అక్కడ పెరుగుతుంది. అందుకే రాత్రి బాగున్న కోడి తెల్లారేసరికి ఉండదు. ఒక గూటి నుంచి ఇంకో గూటికి అది ఎగిరి పోనక్కర్లేదు. చెప్పుకు అంటిన రెట్ట చాలు, గుడ్ల అట్ట చాలు, గంప చాలు.

"ముందే వచ్చుంటే బాగుండేది కదా" అంది.

"బుద్ధి ఇప్పుడే వచ్చింది తల్లీ" అన్నాను. నవ్వింది. నేను మాత్రం ఏడ్చాను. అప్పటిదాకా ఆపుకున్నదంతా అక్కడే కక్కేశాను.

ల్యాబు నుంచి కబురు వచ్చేసరికి మా వీధిలో కోళ్ళు సగం పోనే పోయాయి. చెడ్డ రకమే. తెల్ల తొడుగులేసుకున్న మనుషులు వచ్చి ఊళ్ళో మిగిలినవాటినన్నింటినీ చంపి పూడ్చేయాలని చెప్పారు. మా వంతు వచ్చేముందు అత్త అటక దిగుతూ నా కంట పడింది. జుట్టులో గడ్డిపరకలు. నేను చూశానని ఆమె చూసింది. నోరు మూసుకో అని కళ్ళతోనే అంది. ముప్పై ఏళ్ళలో ఆమె నన్ను బతిమాలడం అదే మొదటిసారి, అదీ నోటితో కాదు. అయినా నిచ్చెన వేసి ఎక్కాను. పాత ఈతబుట్ట కింద పొదుగుకోడి ఒకటి, గుడ్ల మీద. ముక్కుకు గుడ్డ కట్టుకుని బుట్టతో సహా దించి వాళ్ళకిచ్చాను.

"ఈ ఇంట్లో నాకు నీతో ఇంక మాటల్యా" అంది అత్త. ఆమె అన్నమాట తప్పే మనిషి కాదు.

తర్వాత పది రోజులు ఆరోగ్య కార్యకర్త రోజూ వచ్చి మా అందరికీ థర్మామీటరు పెట్టింది. మనుషులకు ఈ రోగం రావడం అరుదు కానీ, వస్తే చెడ్డదట. గూడు కాల్చారు, పెరడంతా సున్నం, మందు చల్లారు. తెల్లవారితే కోడి కూయని ఊరు ఎంత దిగులుగా ఉంటుందో చెప్పలేను. అత్త పొద్దున్నే అలవాటుగా గుప్పెడు రాగులు తీసుకుని వాకిట్లోకి పోయేది. చల్లడానికి ఏమీ లేక మళ్ళీ తెచ్చి డబ్బాలో పోసేది. నాతో ఏదైనా చెప్పాలంటే, నేను ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, మా ఆయన్ను పిలిచి "ఆమెకు చెప్పు, రసంలో ఉప్పు ఎక్కువైంది" అనేది. మా ఆయన చెప్పేవాడు. ఏం సంసారమో నాది!

నా ప్రాణం మాత్రం బొమ్మిడిలో ఉండేది. నేను పోలేదు సరే, మా వీధిలోంచి ఇంకెవరైనా పోయి ఉంటే? జత దాచడం నాకొక్కదానికే తెలుసా? ఆడబిడ్డ కోళ్ళకు కూడా దూదిపుల్లలు పెట్టి పరీక్షకు తడి తీసుకుపోయారు. రోజూ పొద్దున గూడు తెరిచే వేళకు ఫోన్ చేసేదాన్ని.

"ఈ పొద్దు ఎన్ని లేచినాయి అమ్మణ్ణీ?"

"అన్నీ లేచినాయి వదినా."

కావాలనే స్పీకరు పెట్టేదాన్ని. అవతల చేటతో రాగులు చెరిగే అత్త చెయ్యి ఆ మాట వినేదాకా ఆగేది. విన్నాక మళ్ళీ చేట కదిలేది. ఏమీ ఎరగనట్టు మొహం. నేనూ ఏమీ ఎరగనట్టే ఉండేదాన్ని. అన్నీ లేచినాయి వదినా. దానికంటే తియ్యని మాట ఆ రోజుల్లో నేను వినలేదు. ల్యాబు నుంచి కూడా ఏమీ లేదనే వచ్చింది.

నెలలు గడిచాయి. మామిడికాయలు కోతకొచ్చి, అయిపోయి, మొదటి వానలు కూడా పడ్డాయి. డాక్టరమ్మ మా ఊరు వచ్చి మట్టీ నీళ్ళూ చూసుకుని, ఇక కోళ్ళు పెంచుకోవచ్చు, చెరువు వైపు మాత్రం వదలకుండా వల కట్టుకోండి అని చెప్పి పోయింది. వల నేనే కట్టాను. అత్త అరుగు మీద కూర్చుని చూసింది, ఒక్క మాట లేదు. ముడి వదులుగా పడితే మాత్రం గొంతు సవరించుకునేది. అది విని మళ్ళీ బిగించేదాన్ని.

ఆ ఆదివారం ఆడబిడ్డ వచ్చింది, నెత్తిన గంపతో, చేతిలో పశువుల ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితంతో. గంప అరుగు ముందు దించింది. లోపల నల్లపెట్ట, ఎర్రపుంజు. అత్త పుంజును బయటికి తీసింది. రెక్క కింద ఊది చూసింది, కాలిగోళ్ళు చూసింది, దాని మొహంలో మొహం పెట్టి చూసింది.

"నా పుంజే. అచ్చం నా పుంజే" అంది.

"నీదేమ్మా. నాకిచ్చినావే, ఆ జత మనమడు" అంది ఆడబిడ్డ. "ఆ పొద్దు వదిన బస్సెక్కి వచ్చింటే ఇదీ ఉండదు, నా అరవైలో ఒక్కటీ ఉండదు. పిల్లోళ్ళను ఇస్కూలు మానిపిచ్చి పనికి పంపుతాంటి."

అత్త పుంజును మళ్ళీ గంపలో పెట్టి చీరముక్క కప్పింది. కొత్త కోడిని ఇంట్లో మొదట వదిలే చెయ్యి మా ఇళ్ళలో పెద్దావిడదే. ఆ చేతిని బట్టే మంద పెరుగుతుందని నమ్మకం. అత్త ఉండగా ఇంకెవరూ ఆ గంప ముట్టరు. ఆమె గంప ఎత్తి చంకన పెట్టుకుని, వల లోపలికి నడిచి, నేల మీద పెట్టి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది. మా ఆయన కోసం అటూ ఇటూ చూసింది. ఆయన లేడు.

"ఏమ్మే" అంది.

నన్నేనా అని వెనక్కి తిరిగి చూశాను.

"నిన్నే. ఇట్రా. నువ్వు వదులు."

నెలల తరబడి ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో, క్షమించమని ఒకటి, నాదేం తప్పని ఒకటి, అవన్నీ అక్కడే వదిలేశాను. వల లోపలికి పోయి గంప ముందు కూర్చున్నాను. కళ్ళు మసకబారి చీరముక్క అంచు కూడా కనిపించలేదు.

"ఏడిచేది మళ్ళీ ఏడుద్దువులే" అంది అత్త. "కోళ్ళకు ఊపిరాడల్యా. గుడ్డ తియ్యి."

తీశాను.